కుక్కను కొంటే ఆయనకు నిద్ర పడుతుందా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఏదైనా ఘోరం నుంచి ప్రాణాలతో బయటపడ్డాక కూడా అది మనసును వదలకపోవడాన్ని పీటీఎస్‌డీ అంటారని, కొన్ని దేశాల్లో అలాంటి మాజీ సైనికులకు శిక్షణ ఇచ్చిన కుక్కలను, అంటే సర్వీస్ డాగ్స్‌ను, తోడుగా ఇస్తున్నారని గత నెల సంచికలో ఒక చిన్న వ్యాసం రాశాను. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. నేను గుంటూరు అమ్మాయిని, సైకాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నాను, నా అంశం ఇదే. డాక్టర్‌ని కాను కాబట్టి ఫలానా మాత్ర మానేయవచ్చా అని అడిగిన వాళ్లకు ఇక్కడ జవాబు చెప్పడం లేదు, దయచేసి మీ డాక్టర్‌నే అడగండి. ఉత్తరాలను కాస్త కుదించి, పేర్లు తీసేశాం.

ప్రశ్న: అమ్మా, మా ఆయన మిలటరీలో ఇరవై రెండేళ్లు చేసి ఆరేళ్ల క్రితం ఇంటికొచ్చారు. చివరి పోస్టింగ్ కాశ్మీర్‌లో. వాళ్ల బండి పేలిపోయి పక్కన కూర్చున్నతను పోయాడు, ఈయనకు పైకి ఒక్క దెబ్బ తగల్లేదు. ఇప్పుడు హోటల్‌కి వెళ్లినా గోడకు వీపు ఆనించి, గుమ్మం కనబడేలా కూర్చోవాలి, ఆ చోటు దొరక్కపోతే టిఫిన్ చెప్పి కూడా లేచి వచ్చేస్తారు. దీపావళి మూడు రోజులూ వెనక గదిలో తలుపులేసుకుని ఉంటారు. రాత్రిళ్లు కేకలు. ఒకసారి తట్టి లేపబోతే నా చెయ్యి మెలితిప్పేశారు, తర్వాత తెల్లారేదాకా ఏడ్చారు. గాలి సోకిందని మా అత్తగారు తాయెత్తు కట్టించారు. మా అబ్బాయి ఫోన్‌లో వీడియోలు చూసి, లాబ్రడార్ పిల్లను కొందాం డాడీకి తగ్గిపోతుంది అంటున్నాడు. పాతిక వేలట. కొనమంటారా? (గుంటూరు నుంచి ఒక సోదరి)

జవాబు: అక్కా, ఇప్పుడే కొనకండి.

ముందు మీ ఆయన గురించి మాట్లాడుకుందాం, కుక్క సంగతి తర్వాత. గోడకు ఆనుకుని కూర్చోవడం, పటాసులకు గదిలో దూరడం, నిద్రలో కేకలు వేయడం మీకు మూడు వేర్వేరు గొడవల్లా కనిపిస్తుండవచ్చు, కానీ మూడింటికీ వేరు ఒకటే అయ్యుండవచ్చు. పేలుడు అయిపోయిందని ఆయనకు తెలుసు, అయినా ఆయన ఒళ్లు ఇంకా ఆ బండిలోనే కాపలా కాస్తోంది. ఇది పిరికితనం కాదు, గాలీ కాదు. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన వాళ్ల బాధలు చూశాక అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లో తన జబ్బుల పుస్తకంలో దీనికి పీటీఎస్‌డీ అని పేరు చేర్చింది. జబ్బు అంతకు ముందూ ఉంది. మన వాళ్లు దడుపు అన్నారు, గాలి అన్నారు, చాలా ఇళ్లలో ఏమీ అనకుండా ఊరుకున్నారు. ఇలాంటి లక్షణాలు నెల దాటి ఉంటే డాక్టర్‌కు చూపించాలి, మీ ఇంట్లో ఆరేళ్లు దాటింది. అది నిజంగా పీటీఎస్‌డీయేనా కాదా అన్నది ఆయనను చూసిన డాక్టరే చెప్పాలి, ఉత్తరం చదివి నేను చెప్పకూడదు.

మీ చెయ్యి మెలితిప్పిన రాత్రి ఆయనకు కనబడింది మీరు కాదు. ఆయన అంతసేపు ఏడ్చింది కూడా అందుకే అయ్యుంటుంది. ఇక మీదట ముట్టుకుని లేపకండి. లైటు వేసి, మంచం కాళ్ల వైపు, చెయ్యి అందనంత దూరంలో నిలబడి పిలవండి. మామూలుగా ఎలా పిలుస్తారో అలాగే, "ఏమండీ, నేను, మనింట్లోనే ఉన్నారు, గుంటూరులో ఉన్నారు" అని నెమ్మదిగా నాలుగైదు సార్లు చెప్పండి. కళ్లు తెరిచినా వెంటనే దగ్గరకు వెళ్లకండి, ఆయన మిమ్మల్ని గుర్తుపట్టి మాట్లాడాకే వెళ్లండి. ఇంకొకటి, చాలామంది మాజీ సైనికులు సెక్యూరిటీ ఉద్యోగం కోసం లైసెన్స్ తుపాకీ తీసుకుంటారు. మీ ఇంట్లో అలాంటిది ఉంటే దాన్ని కొన్నాళ్లు ఇంటి బయట భద్రంగా ఎక్కడ ఉంచవచ్చో ఆయనతోనే మాట్లాడండి. ఆయన నోట చావు మాట వచ్చిందా, అది కోపంలో అన్నా సరే, ఆ రోజే డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి.

గుంటూరు జీజీహెచ్‌లో, అంటే ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో, మానసిక వైద్య విభాగం ఉంది. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ కార్డు ఉంటే వాళ్ల పాలీక్లినిక్ నుంచి రిఫర్ చేయించుకోవచ్చు. బయటకు రానంటే ముందు 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, ఉచితం, ఇరవై నాలుగ్గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఆయన చేయకపోతే మీరు చేసినా ఫర్వాలేదు. ఈ జబ్బుకు మందులతో పాటు ప్రత్యేకమైన కౌన్సెలింగ్ ఉంటుంది, తప్పించుకు తిరుగుతున్న ఆ జ్ఞాపకం దగ్గరకే మనిషిని కొద్దికొద్దిగా, భద్రంగా తీసుకెళ్తారు. సాధారణంగా వారానికి ఒకసారి చొప్పున మూడు నెలల పని. మొదట్లో బాధ ఎక్కువైనట్టు అనిపించి చాలామంది మధ్యలో మానేస్తారు, మీరు పక్కన ఉండి మానకుండా చూడాల్సింది అక్కడే.

ఇక కుక్క. మీ అబ్బాయి వీడియోలో చూసిన కుక్కకూ, పాతిక వేలకు దొరికే పిల్లకూ చాలా దూరం ఉంది. సర్వీస్ డాగ్‌ను చిన్నప్పటి నుంచి ఏడాదిన్నర, రెండేళ్లు తయారు చేస్తారు, ఆ తర్వాత దాన్నీ తీసుకునే మనిషినీ కలిపి కొన్ని వారాలు శిక్షణ ఇస్తారు. అంత చేసినా చాలా కుక్కలు మధ్యలోనే ఆ పనికి పనికిరావని తేలుతుంది. మీరు తెచ్చే రెండు నెలల పిల్ల రాత్రంతా తల్లి కోసం ఏడుస్తుంది, ఇల్లంతా తడుపుతుంది, చెప్పులు కొరుకుతుంది. రాత్రిళ్లు కేకలతో లేచే మనిషికి ఉన్న ఆ కాస్త నిద్రా పోతుంది. అప్పుడు ఆయనకు తగ్గకపోతే, కుక్కను తెచ్చినా తగ్గలేదన్న నిరాశ అదనం, కుక్కేమో గొలుసుకు.

ఒక ఇంటి గురించి చెప్తాను, ఆ ఇంటాయన రాయమని ఒప్పుకున్నారు. పొన్నూరు రోడ్డు వైపు ఉంటారు, హవల్దార్‌గా రిటైరయ్యారు. వాళ్లింట్లో ఉన్నది ఊరకుక్కే, గోధుమ రంగు, ఒక చెవి మడత. మూడోసారి వెళ్లినప్పుడు ఆయన తన సంగతి చెబుతూ ఒక చోటికొచ్చేసరికి గొంతు మారలేదు, మొహం మారలేదు, కుడి మడమ మాత్రం నేల మీద టకటకా కొట్టుకోవడం మొదలైంది. నేను నోట్‌బుక్ వైపు చూస్తున్నాను, గమనించలేదు. మంచం కింద పడుకున్న కుక్క లేచి వచ్చి, గడ్డం తీసుకెళ్లి ఆ పాదం మీద ఆనించింది. మడమ ఆగింది. ఆయన కిందికి చూడకుండానే చెయ్యి దాని తల మీద వేసి, చెబుతున్నది పూర్తి చేశారు. ఇది దానికి ఎవరూ నేర్పలేదు. అయితే అక్కా, ఆయన భార్య ఆ తర్వాత వంటింట్లో నాతో అన్నది మీరు వినాలి: కుక్క వచ్చాక ఈయన మారలేదమ్మా, డాక్టర్ దగ్గరకు వెళ్లడం మొదలెట్టి ఎనిమిది నెలలయ్యాకే దాన్ని గుమ్మంలోకి రానిచ్చారు.

కాబట్టి వైద్యం మొదలై, నిద్ర కొంచెం కుదురుకున్నాక, ఆయనే కావాలంటే, పిల్లను కాకుండా రెండేళ్లు దాటిన నెమ్మదైన కుక్కను చూడండి. ఎంచుకోవాల్సింది ఆయన, అన్నం పెట్టాల్సిందీ ఆయనే.

ప్రశ్న: మనుషులకే దిక్కులేని దేశంలో కుక్కల మీద పరిశోధనలా? కుక్కను నిమిరితే ఎవరికైనా హాయిగానే ఉంటుంది, దాన్ని వైద్యం అనడానికి రుజువులున్నాయా? (రిటైర్డ్ లెక్కల మాస్టారు, సత్యనారాయణపురం, విజయవాడ)

జవాబు: మాస్టారూ, న్యాయంగా అడిగారు. లెక్కల వారు కాబట్టి లెక్కలే చెప్తాను, నాకు నచ్చినవీ నచ్చనివీ కూడా.

ఇదే ప్రశ్న అమెరికా పార్లమెంటూ అడిగింది, తేల్చమని అక్కడి మాజీ సైనికుల శాఖకు చట్టంలోనే రాసి ఇచ్చింది. 2011లో అధ్యయనం మొదలైంది. కొన్ని కుక్కలు పిల్లలను కరిచాయి, కొన్నింటి ఆరోగ్యం బాగాలేదు, 2012లో ఆపేశారు. మళ్లీ జాగ్రత్తగా 2014లో మొదలుపెట్టారు. చీటీలు తీసినట్టు ఎంపిక చేసి 97 మందికి ప్రత్యేక శిక్షణ ఉన్న సర్వీస్ డాగ్‌ను, 84 మందికి మంచి నడవడి మాత్రమే నేర్పిన మామూలు తోడు కుక్కను ఇచ్చి, ఏడాదిన్నర పాటు చూశారు. 2021లో ఫలితం వచ్చింది. రోజువారీ పనులు చేసుకోగలగడంలో, జీవితం ఎలా ఉందన్నదాంట్లో రెండు గుంపులకూ తేడా లేదు. జబ్బు లక్షణాలను 80 మార్కులకు కొలిచే పట్టికలో మాత్రం సర్వీస్ డాగ్ ఉన్నవాళ్లకు 3.7 మార్కులు ఎక్కువ తగ్గాయి. పెద్ద తేడా అని నేను అనను. కానీ ఒక్కటి గమనించండి, ఈ పోలికలో కుక్క లేని గుంపే లేదు. శిక్షణకు ఎంత విలువ అన్న ప్రశ్నకు అది జవాబు, కుక్కకు ఎంత విలువ అన్నదానికి కాదు. ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలని అర్థం కావడానికి నాకు చాలా కాలం పట్టింది, వార్తలు రాసిన వాళ్లు చాలామంది రెండూ కలిపేశారు.

రెండో దారి మ్యాగీ ఓహేర్ అనే ప్రొఫెసర్‌ది, ముందు పర్డ్యూ యూనివర్సిటీలో, తర్వాత అరిజోనాలో. కుక్కల కోసం పేరు రాయించుకుని ఎదురుచూసే వాళ్లు ఎలాగూ ఉన్నారు కదా, వచ్చినవాళ్లను, ఎదురుచూస్తున్నవాళ్లను పోల్చారు. 2018లో 141 మందితో చేసిన దాంట్లో కుక్క ఉన్న 75 మందికి లక్షణాలు తక్కువగా ఉన్నాయి, కానీ జబ్బు లేదనే స్థాయికి దిగలేదు, ఆ మాట వాళ్లే రాశారు. అదే ఏడాది వాళ్ల ఇంకో పని నాకు చాలా ఇష్టం. 73 మంది పొద్దున్న కళ్లు తెరవగానే ఒకసారి, అరగంటకు ఇంకోసారి, దూది పుల్ల నోట్లో పెట్టుకుని లాలాజలం పట్టి ఇచ్చారు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి నిద్ర లేచాక ఆ అరగంటలో కార్టిసోల్ అనే హార్మోన్ పైకి లేస్తుంది. ఏళ్ల తరబడి ఈ జబ్బుతో ఉన్నవాళ్లలో ఆ లేవడం మందగిస్తుందని చాలా అధ్యయనాలు చెప్పాయి. కుక్క ఉన్నవాళ్లలో అది ఎక్కువగా లేచింది. హాయిగా ఉందని నోటితో ఎవరైనా చెప్పవచ్చు మాస్టారూ, ఉమ్మిని ఒప్పించడం కష్టం.

2024లో వచ్చినది 156 మందితో చేసింది. ఎవరి దగ్గర కుక్క ఉందో తెలియని నిపుణులు మూడు నెలల తర్వాత పరీక్షిస్తే, కుక్క ఉన్నవాళ్లకు ఇంకా పీటీఎస్‌డీ నిర్ధారణలో ఉండే ఆడ్స్ 66 శాతం తక్కువ అని తేలింది. ఆడ్స్ అంటే జబ్బు ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ ఉన్న నిష్పత్తి, 66 శాతం మందికి తగ్గిందని కాదు, మీకు నేను చెప్పక్కర్లేదు. ఇక్కడా లోటు ఉంది, ఎవరికి కుక్క రావాలన్నది చీటీలతో తేల్చలేదు, మూడు నెలలూ తక్కువ సమయమే. వీళ్లంతా తమ మామూలు వైద్యం మానకుండా దానితో పాటే కుక్కను పెట్టుకున్నారని కూడా గుర్తుంచుకోవాలి. ఇవన్నీ కలిపి చూస్తే నేను నమ్మేది ఇది: కుక్క జబ్బును తీసేయదు, జబ్బున్న మనిషిని వైద్యం దాకా నడిపించి, అక్కడ నిలబెట్టడానికి సాయపడుతుంది.

మన దేశం గురించి మీరన్నది నిజం, ఇక్కడ మానసిక వైద్యుడు దొరకడమే కష్టం. ఆ డబ్బుతో ముందు ఆ పని చేయాలంటే నేను ఒప్పుకుంటాను. కానీ మన దగ్గర అమెరికా పద్ధతే రావాలని లేదు. 2021లో అక్కడే ఒక చట్టం చేసి, అయిదు ఆసుపత్రుల్లో ప్రయోగంగా, మాజీ సైనికుల చేతనే కుక్కలకు శిక్షణ ఇప్పించడం ఒక చికిత్సగా పెట్టారు. కుక్క ఇంటికి రానక్కర్లేదు, నేర్పడంలోనే మనిషి కుదుటపడతాడేమో చూడటం అన్నమాట. కుక్క భయంతో మాట వినదు, గొంతు పెంచితే వినదు, నేర్పేవాడే ముందు నెమ్మదించాలి. ఇలాంటిది మన ఊరకుక్కలతో, మన ఊళ్లలో, తక్కువ ఖర్చులో చేసి చూడాలని నా కోరిక.

ప్రశ్న: హాయ్ అక్కా, టెన్షన్ వచ్చిందని కుక్కకు ఎలా తెలుస్తుంది? మొహం చూసా, వాసన చూసా? తెలిశాక ఏం చేస్తుంది? (డిగ్రీ సెకండియర్, విజయవాడ)

జవాబు: తమ్ముడూ, రెండూ, ఇంకా గొంతూ, ఊపిరీ, కదలికా. వాసన సంగతి మాత్రం ఈ మధ్యే గట్టిగా తేలింది.

2022లో బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ యూనివర్సిటీ వాళ్లు 36 మందిని 9000 నుంచి 17 చొప్పున తగ్గిస్తూ నోటితో గట్టిగా లెక్కపెట్టమన్నారు. చేసి చూడు, రెండో అంకెకే చెమట పడుతుంది. లెక్కకు ముందు చెమట, ఊపిరి, లెక్క తర్వాతి చెమట, ఊపిరి పట్టి కుక్కల ముందు పెడితే 93.75 శాతం సార్లు టెన్షన్ వాసన ఏదో సరిగ్గా పట్టుకున్నాయి. కానీ అది లెక్కల టెన్షన్. పాత ఘోరం గుర్తొచ్చినప్పటి వాసనను పట్టుకోగలవా అన్నది కెనడాలో డల్‌హౌసీ యూనివర్సిటీలో ఒక పీహెచ్‌డీ విద్యార్థిని అడిగిన ప్రశ్న. ఘోరాలు దాటి వచ్చిన 26 మంది, అందులో సగానికి పైగా పీటీఎస్‌డీ ఉన్నవాళ్లు, మామూలుగా ఉన్నప్పుడు ఒక మాస్కులోకి, ఆ సంఘటన గుర్తు చేసుకుంటూ ఇంకో మాస్కులోకి ఊపిరి వదిలారు. 25 కుక్కలతో మొదలుపెడితే పని పూర్తి చేయగల ఓపిక, నైపుణ్యం ఉన్నవి రెండే మిగిలాయి, ఐవీ, కాలీ. రెండు మాస్కు ముక్కలు పక్కపక్కన పెడితే దాదాపు 90 శాతం సరిగ్గా చెప్పాయి. ఒక్కొక్కటే పెడితే, అది కష్టం, ఐవీ 74 శాతం, కాలీ 81 శాతం. 2024లో ఇది అచ్చయింది.

నన్ను కూర్చోబెట్టింది ఆ తర్వాతి సంగతి. ఐవీ పట్టుకున్నది ఆ మనిషి భయానికి దగ్గరగా నడిచింది, కాలీ పట్టుకున్నది సిగ్గుకు దగ్గరగా నడిచింది. భయానికి ఒంట్లో ఒక రసాయనం, సిగ్గుకు ఇంకొకటి ఉండి, రెండు కుక్కలూ చెరొకటి నేర్చుకున్నాయేమోనని వాళ్ల ఊహ. పక్కవాడు పోయి నేను బతికానే అన్న సిగ్గు ఎంతమంది సైనికులను లోపల తినేస్తుందో విన్నదాన్ని కాబట్టి, దాన్ని ఒక కుక్క వాసన పట్టిందంటే చదివి కాసేపు పేజీ తిప్పలేకపోయాను.

తెలిశాక చేసే పనులు చెప్పుకోవడానికి చిన్నవే. ముక్కుతో చేతిని పొడుస్తుంది, ఒళ్లో తల పెడుతుంది, కలవరిస్తుంటే దుప్పటి లాగి లేపుతుంది, క్యూలో వెనక నిలబడి మనుషులు మరీ మీదికి రాకుండా చూస్తుంది. ఈ చివరి దాని మీద తగాదా ఉంది. వెనక ఎవరో ఉన్నారన్న భయాన్ని పోగొట్టాల్సింది పోయి కుక్కను కాపలా పెట్టి భయాన్ని పెంచుతున్నారు అంటారు కొందరు వైద్యులు. నేనూ వాళ్ల వైపే మొగ్గుతాను. కుక్కలు తీసుకున్న వాళ్లను అడిగితే కూడా, రోజూ ఎక్కువ ఉపయోగపడేది ఆందోళన మొదలవుతుండగానే వచ్చి ఆపడం అన్నారు, కాపలా కాదు.

ప్రశ్న: మాది సింగ్ నగర్. బుడమేరు వరదప్పుడు మూడు రోజులు డాబా మీదే ఉన్నాం. మా బాబు అప్పుడు రెండో తరగతి. ఇప్పటికీ మబ్బు పడితే స్కూలు బ్యాగు తీసుకెళ్లి మేడ మీద పెట్టి వస్తాడు, రాత్రి పక్క తడుపుతున్నాడు. వీధి కుక్క ఒకటి ఆ డాబా మీద మాతోనే ఉంది, ఇప్పుడది పక్కన లేకపోతే పడుకోడు. మా ఆయన దాన్ని తరిమేయమంటున్నారు. (ఒక తల్లి, విజయవాడ)

జవాబు: తరమకండమ్మా. 2024 సెప్టెంబర్ 1 పొద్దున ఆ నీళ్లు ఎలా వచ్చాయో, పడవల కోసం ఎలా కళ్లు కాయలు కాచాయో, డ్రోన్లు అన్నం పొట్లాలు దింపితే ఎలా పరుగెత్తారో ఆ ఇంట్లో ఉన్నవాళ్లకే తెలుసు. మీ బాబు లెక్కలో ఆ కుక్క కూడా ఆ డాబా మీది మనిషే. దాన్ని తరిమితే, వరదలో ఒకసారి పోయిన ధైర్యం వాడికి ఇంకోసారి పోతుంది.

అయితే దానికి యాంటీ రేబిస్ టీకా వేయించండి, ఏటా వేయించాలి, పురుగుల మందు, పిడుదుల మందు కూడా. మంచం మీద కాకుండా కింద గోనెసంచి వేసి దాని చోటు దానికివ్వండి. అది తినేటప్పుడు, నిద్రపోయేటప్పుడు దాని మీద పడొద్దని బాబుకు చెప్పండి. టీకా వేయించాం కదా అనుకోకుండా, పన్ను దిగినా గీరుకున్నా సబ్బుతో, పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి ఆ రోజే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి, ఇంజక్షన్లు అక్కడ ఉచితం. పసుపు, కారం పెట్టకండి.

పక్క తడిపినందుకు తిట్టకండి, పక్కింటి వాళ్ల ముందు ఆ మాట ఎత్తకండి. పిల్లల మానసిక నిపుణులకు ఒకసారి చూపించండి, ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే పైన చెప్పిన 14416 ఉంది. వరద మళ్లీ రాదు అని మాట ఇవ్వకండి, వాడు నమ్మడు, వాడు చూశాడు. బ్యాగు మేడ మీద పెట్టడం చూసి నవ్వే బదులు, ఆధార్ కార్డులు, సర్టిఫికెట్లు ఒక పాలిథిన్ కవర్లో పెట్టి, కొవ్వొత్తులు, బిస్కెట్లు, కుక్కకో గిన్నె అన్నీ కలిపి ఒక పెట్టె వాడి చేతే సర్దించి, వర్షాకాలం ముందు మేడ మీద పెట్టించండి. ఆ పని అయిపోయిందని తెలిస్తే మబ్బు పట్టిన ప్రతిసారీ పరుగెత్తే అవసరం కొంచెం తగ్గవచ్చు.

ప్రశ్న: ఇలాంటి కుక్కను రైల్లో, ఏసీ బోగీలో వెంట తీసుకెళ్లవచ్చా? (తాడేపల్లి)

జవాబు: ఫస్ట్ ఏసీలో కూపే గానీ క్యాబిన్ గానీ మొత్తం మీ పేరున దొరికితే వెంట ఉంచుకోవచ్చు, లేకపోతే లగేజీ వ్యాన్‌లోనే. ఇది పెంపుడు కుక్కలకు ఉన్న నియమమే. అమెరికాలో షాపులో గానీ హోటల్లో గానీ రెండు ప్రశ్నలే అడగనిస్తారు, ఇది వైకల్యం వల్ల అవసరమైన సర్వీస్ డాగా, దీనికి ఏ పని నేర్పారు అని. జబ్బేమిటని అడగకూడదు. మన దగ్గర అంత స్పష్టమైన హక్కు లేదు.

ప్రశ్న: గన్నవరం వెటర్నరీ కాలేజీలో ఫైనలియర్. నాకు మీ రంగంలోకి రావాలని ఉంది. పశువుల డాక్టర్‌వై మనుషుల పిచ్చితో నీకేం పని అంటున్నారు ఇంట్లో. ఏం చదవాలి?

జవాబు: పైన చెప్పిన ఓహేర్ గారి పరిశోధనలు పర్డ్యూలో జరిగినప్పుడు ఆమె పనిచేసింది వెటర్నరీ కాలేజీలోనే, ఈ మాట ఇంట్లో చెప్పండి. మీకు కుక్క తెలుసు, నాకు తెలియదు. అది ఆవలిస్తే నిద్ర అనుకున్నాను చాలాకాలం, ఇబ్బంది పడినప్పుడు కూడా ఆవలిస్తుందని ఒక వెటర్నరీ స్నేహితురాలు చెప్పేదాకా. స్టాటిస్టిక్స్ బాగా నేర్చుకోండి. అంతకంటే ముఖ్యంగా, మనిషి ఎదురుగా మాట్లాడకుండా కూర్చోవడం నేర్చుకోండి. నేను మొదట్లో వాళ్లు ఆగగానే తర్వాతి ప్రశ్న వేసేదాన్ని. వాళ్లు ఆగేది అయిపోయి కాదు.

ఇంకొకటి, ఎవరూ ముందుగా చెప్పరు. ఇవి వింటే మనకూ నిద్ర పోతుంది. ఒక ఇంటర్వ్యూ తర్వాత వారం రోజులు ఆటో టైరు పేలితే గుండె దడ నాకొచ్చింది, పేలుడు చూసింది నేను కాకపోయినా. మా గైడ్ గారు పట్టుబట్టి నన్ను ఒక కౌన్సెలర్ దగ్గరకు పంపారు, ఇప్పటికీ పదిహేను రోజులకోసారి వెళ్తున్నాను. ఇందులోకి వచ్చే ముందే అలాంటి ఒక మనిషిని చూసుకోండి.

ప్రశ్న: అక్కా, ఆ కుక్కలకు ఆదివారం సెలవు ఉంటుందా? వాటికి కూడా భయం జబ్బు వస్తుందా? (ఏడో తరగతి, తెనాలి)

జవాబు: తల్లీ, ఇన్ని ఉత్తరాల్లో కుక్క బాగోగుల గురించి అడిగింది నువ్వొక్కదానివే.

భయం జబ్బు వాటికీ వస్తుంది. యుద్ధానికి వెళ్లొచ్చిన సైన్యం కుక్కల్లో కొన్ని శబ్దానికి వణకడం, రోజూ ఎక్కే బండి ఎక్కనని మొండికేయడం అమెరికాలో పశువుల డాక్టర్లు చూశారు. అందుకే పని చేసే కుక్కకు జాగ్రత్తలు ఉండాలి. సర్వీస్ డాగ్‌కు ఒక జాకెట్ వేస్తారు, అది వేసినంతసేపు డ్యూటీ, తీసేస్తే సెలవు, బంతి ఆడుకోవచ్చు, మట్టిలో దొర్లవచ్చు. ఆదివారం ఒక్కటే కాదు, రోజూ ఉండాలి ఆ సెలవు. ముసలితనం వచ్చాక రిటైర్ చేస్తారు, చాలాసార్లు ఆ ఇంట్లోనే ఉండిపోతుంది.

పైన ఒక హవల్దార్ గారి కుక్క గురించి రాశాను చూడు, దానికి జాకెట్ లేదు. మొన్న నేను వెళ్లేసరికి మధ్యాహ్నం రెండయింది. వసారాలో సరిగ్గా గుమ్మానికి అడ్డంగా, నాలుగు కాళ్లూ చాపి, నిద్రలో మూతి కదిలిస్తూ పడుకుని ఉంది. నాకు మంచినీళ్లు తేవడానికి లేచిన ఆయన దాన్ని దాటబోయి ఆగారు. చెప్పులు అక్కడే విడిచి, ఇంటి చుట్టూ తిరిగి పెరటి గుమ్మంలోంచి లోపలికి వెళ్లారు.